నూరు గజాల మాట

రాళ్లచెలమ ఊరికి బయ్యన్న ఏడాదికి ఒక్కసారే గుర్తొస్తాడు, ఉగాది మరునాడు. ఆ ఒక్క పొద్దు తప్పెట్లతో, తాంబూలంతో ఆయన గుమ్మం ముందుకొచ్చి, "రా బయ్యన్నా, దేవుడు కాసుకోనుండాడు" అని పిలుచుకుపోతారు. మిగతా దినాల్లో ఉన్నాడా పోయాడా అని కనుక్కునే పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఊరివాళ్లను అనడానికీ లేదులెండి. ఆయన ఉండేది ఊరికి ఎడంగా, ముదిగుబ్బ దారి పక్కన, వేరుశనగ చేనులో కట్టుకున్న ఒంటిగదిలో. ఊళ్లో ఉన్న పెద్దిల్లు అన్నదమ్ముల పంపకాల్లో పోయింది. పిల్లల్లేరు. పెళ్లాం వెంకటలక్ష్మమ్మ కాలం చేసి ఏళ్లయింది. బోరు కూడా ఎండిపోయింది. ఆ గదిలో ఆయనతోపాటు మిగిలింది ఒక తుపాకి.

తుపాకి అనగానే మీసాలు దువ్వుకునే రకం ఊహించుకోవద్దు. అది పాయింట్ టూ టూ రైఫిల్. సన్నటి గొట్టం, తేలికైన కట్టె. దాని గుండు వేరుశనగ గింజంత సీసపు ముక్క. తూటా అడుగున అంచు మీద సూది తగిలితే చాలు, పేలుతుంది. చప్పుడు కూడా ఎండుకట్టె విరిగినట్టు ఉంటుంది, అంతే. ఊళ్లో దాన్ని పిట్టల తుపాకి అంటారు. బయ్యన్న వాళ్ల నాయన పంట కాపలాకని లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ కాపలా సంగతి కూడా చెప్పుకోవాలి. అడవిపందికి ఆ గుండు తగిలితే దానికి కోపం రావడం తప్ప ఇంకేమీ జరగదని బయ్యన్నకు బాగా తెలుసు. అందుకే పందులు చేలో పడితే గట్టు మట్టిలోకి ఒకటి పేల్చి బెదరగొడతాడు. అవి పోతాయి, మళ్లీ వస్తాయి. ఆయనతో క్రమం తప్పకుండా రాకపోకలు పెట్టుకున్నది అవే.

అయితే గురి మాత్రం గురే. యాభై గజాల దూరంలో రూపాయి బిళ్ల నిలబెడితే ఎగరగొట్టేవాడు. అది దాటితే ఆ తుపాకి గుణం మారుతుంది. నూరు గజాలకు పోయేసరికి గుండు ముప్పాతిక జానెడు కిందికి దిగుతుంది. ఇక గాలి సంగతి. ఈ సీమలో మిట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. అడ్డగాలి తగిలితే గుండు బెత్తెడు పక్కకు పోతుంది. కాబట్టి ఎవరైనా వచ్చి, "బయ్యన్నా, ఆ దూరం బండ మీద కూచున్న కాకిని కొట్టు సూద్దాం" అని రెచ్చగొడితే ఆయన నవ్వి ఒకటే మాట చెప్పేవాడు.

"నూరు గజాలు దాటితే దీంతో ఏమీ కాదప్పా."

ఆ మాట ఆయనకు ఇష్టం కూడా. తన హద్దు తనకు తెలిసినవాడు అనిపించుకోవడం ఎవరికి చేదు? చెప్పీ చెప్పీ అది ఊరి మాట అయిపోయింది. పిల్లలు పెద్దవాళ్లై వాళ్ల పిల్లలకు చెప్పుకున్నారు. ఆయన చెప్పింది గురి గురించి. ఊరు అర్థం చేసుకున్నది మాత్రం ఇంకోటి. నూరు గజాలు పోయాక ఆ గుండు అలిసిపోయి రాలిన ఆకులాగా నేల మీద పడిపోతుందని అందరూ నమ్మారు. తూటాల పెట్టె మీద మైలు దూరం వరకు ప్రమాదమని ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంటుంది. అనంతపురంలో అమ్మినవాడు అది చదివి చెప్పాడు. బయ్యన్న విన్నాడు, పెట్టె జేబులో వేసుకున్నాడు. ఊరికి చెప్పే అవసరం ఎన్నడూ రాలేదు.

ఎందుకు రాలేదంటే ఊరి పక్కనున్న ఎండు వాగు వల్ల, దాన్ని వంక అంటారు. పూర్వం ఉగాది మరునాడు ఊరంతా కుందేళ్ల వేటకు పోయేది. అటవీశాఖవాళ్లు కేసులు పెట్టడం మొదలుపెట్టాక పెద్దలు కూర్చుని కుందేలు బదులు కొబ్బరికాయ అన్నారు. దేవుణ్ని పల్లకిలో వంకలోకి తెస్తారు. కానుగచెట్టు కొమ్మకు కాయ కడతారు. దాని వెనక రెండు నిలువుల ఎత్తు మట్టిగట్టు. అరవై గజాల నుంచి బయ్యన్న కొడతాడు. ఒక్కటే గుండు, రెండోది లేదు. కాయ పగిలితే ఆ ఏడు వాన ఉన్నట్టు. గుండు కాయలో ఒక పక్క దూరి ఇంకో పక్క వచ్చి గట్టులో దిగబడుతుంది. అందరూ పోయాక బయ్యన్న ఆ సీసపు ముక్కను తవ్వి తీసుకునేవాడు. వేట ముగిశాక పల్లకి పక్కన ఆయన్ను కూర్చోబెట్టి మొదటి విస్తరి ఆయనకే వేసేవారు. "నీ తుపాకి మోగిన దినమే గదా మనింటికి మనుషులొచ్చేది" అని వెంకటలక్ష్మమ్మ నవ్వేది. ఆ రోజుకని ఇల్లు అలికి ముగ్గు వేసేది. ఆమె పోయాక ఆ అలుకు ఆయనే అలుకుతున్నాడు, వంకరటింకరగా.

కిందటేడు ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పమన్నారు. బయ్యన్న అప్పజెప్పాడు, అది తిరిగి చేతికొచ్చేలోపే పండగ వచ్చి పోయింది. ఉగాది మరునాడు తప్పెట్లు రాలేదు. ఆ ఏడు వేరుశనగ ఊడలు కాయ కట్టడానికి మట్టిలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. శెనక్కాయ చెట్టు పీకితే వేళ్లకు రెండు మూడు కాయలు, అవీ లొట్టలు. కాయ కొట్టకపోతే ఇట్లాగే అవుతుందని ఊరు తీర్మానించుకుంది. అందుకే ఈసారి పండగ ఘనంగా చేయాలని కమిటీ వేశారు. దానికి పెద్ద ఉదయ్ కుమార్, బయ్యన్నకు వరసకు అన్నకొడుకు. పండగ ముందర బండేసుకుని వచ్చాడు.

"చిన్నాయనా, ఈసారి వంకలో వద్దు. ఆడ ముందు నిలబడినోళ్లకు తప్ప ఎవురికీ కనపడదు. మిట్ట మీద స్తంభం నాటిస్తాండాం. ఊరంతా సూడాల, ఫోన్లలో పట్టాల."

బయ్యన్నకు మొదట సంతోషమే వేసింది. ఊరంతా తన వైపు చూస్తుందంటే ఒంటిగదిలో ఉండేవాడికి ఎట్లా ఉంటుంది మరి!

"యా మిట్ట?"

"మారెప్ప గొర్రెల దొడ్డి ఉండాది సూడు, దానికి ఈ పక్క."

సంతోషం అక్కడే ఆగింది. సాయంత్రం కర్ర పట్టుకుని పోయి చూశాడు. స్తంభం అప్పుడే నాటినట్టున్నారు, మొదట్లో తవ్విపోసిన మట్టి కుప్పగా ఉంది. దాని వెనక ఏముందని చూస్తే, ఏమీ లేదు. మిట్ట అవతల పల్లం, పల్లంలో మారెప్ప దొడ్డి, గుడిసె. పల్లం దాటాక బోడిగుండు. ఆ బండరాయి నెత్తి ఆయన మసక కళ్లకు బూడిదరంగు మరకలాగా కనపడింది. గట్టు లేదు, మట్టి లేదు. గాలే ఉంది.

మారెప్ప గొర్రెలను తోలుకొస్తుంటే ఎదురుపోయి అడిగాడు.

"మారెప్పా, ఉగాది మరునాడు కాయ కొట్టే యాలకు మీరు ఈడ ఉండద్దప్పా."

"ఈడెందుకుంటామన్నా? నేను తప్పెట కొట్టల్ల గదా. మా ఇంటామె తిమ్మమ్మ కూడా మనవరాలిని ఎత్తుకోని వస్తాది. అందరం ముందరే ఉంటాం."

అయినా బయ్యన్నకు మనసు ఒప్పలేదు. కమిటీ కూర్చున్న రచ్చకట్ట దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఉదయా, కాయ ఎనక మట్టి ఉండాలప్పా. గుండు కాయను పగలగొట్టి నిలబడదు, అవతలికి పోతాది. ఆ పల్లంలో మనుషులుండారు."

"దొడ్డి యాడుండాది, స్తంభం యాడుండాది చిన్నాయనా! నూరు గజాలు దాటితే దీంతో ఏమీ కాదని మా చిన్నప్పటి నుంచి నువ్వే గదా చెప్తాండేది?"

"అది గురి మాటరా. నూరు గజాలు దాటితే అనుకున్న చోట తగల్దు అని చెప్పినా. యాడా తగల్దు అని చెప్పల్యా." జేబులోంచి తూటాల పెట్టె తీసి చూపించాడు. "ఇదో, మైలు దూరం అని రాసినారు సూడు."

ఉదయ్ కుమార్ చదివాడు. చదువుకున్నవాడే. పెట్టె తిరిగి ఇచ్చేసి, "సిగరెట్ పెట్టె మీద కూడా రాస్తారులే. తాగేటోళ్లు తాగుతానే ఉండారు" అన్నాడు. కట్ట మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి, మర్యాదగానే, ఇంకో మాట అన్నాడు. "కండ్లు మసకలొచ్చినాయంటే ఎవురూ తప్పు పట్టరు చిన్నాయనా. కొట్టలేనంటే చెప్పు. మా బామ్మర్ది ప్రణీత్ ఉండాడు. వాళ్లింట్లో కూడా ఇట్లాంటి తుపాకే ఉండాది, దుర్బీను కూడా బిగించినారు. వాడు కొడతాడు."

ఆ నవ్వుకు బయ్యన్నకు ఏమీ అనిపించలేదు. ఈ మర్యాదే కాల్చింది. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. లెక్క తేలిపోయింది. తాను రానంటే ప్రణీత్ కొడతాడు. వాడికి స్తంభం తప్ప వెనక ఏముందో పట్టదు. తాను పోయి కొడితే గుండు మిట్ట దాటుతుంది. ఆ గాలికి ఎటు పోతుందో తనకే తెలియదు. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆ దారి తలుచుకుంటే ఆయనకు ఏడుపొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాడు కూడా.

పండగ రోజు ఇల్లు అలికాడు. తప్పెట్లు వచ్చాయి, తాంబూలం వచ్చింది. ఎన్నడూ లేనంత జనం. మిట్ట కింద దారి వెంబడి పల్లకి దించారు. పూజారి వీరప్ప తుపాకికి కుంకుమ బొట్టు పెట్టాడు. బయ్యన్న మాత్రం జనంలోకి చూస్తూనే ఉన్నాడు. దగ్గరి మొహాలు తెలుస్తున్నాయి. తప్పెట మోగిస్తున్న మారెప్ప కనపడ్డాడు. తిమ్మమ్మ కనపడలేదు.

"తిమ్మమ్మ యాడ మారెప్పా?" అని చెవి దగ్గర అరిచాడు.

మారెప్ప తప్పెట ఆపకుండా, వస్తుంది అన్నట్టు తల ఊపాడు.

"ఉదయా, తిమ్మమ్మ రాలేదు. ఒక మనిషిని పంపి దొడ్డి దగ్గర సూసి రమ్మను."

"ముహూర్తం దాటిపోతాంది చిన్నాయనా. నువ్వు కొడతావా, ప్రణీత్‌ను రమ్మంటావా? వాని తుపాకి కార్లోనే ఉండాది."

బయ్యన్న కారు వైపు ఒకసారి చూశాడు. రాయి మీద మోకాలు ఆనించి తుపాకి భుజానికి ఎత్తాడు. తప్పెట్లు ఆగాయి. అందరి చేతుల్లోనూ ఫోన్లు లేచాయి.

నిజం చెప్పాలంటే ఆయనకు కొట్టాలనే ఉంది. గొట్టం చివరనున్న గురి ముల్లు మీద కాయ కుదురుగా కూర్చుంది. గాలి కూడా ఆ క్షణానికి తగ్గింది. ఈ కాయ పగులుతుందని ఆయన వేలికి తెలుసు. పగిలితే కేకలు, పల్లకి పక్కన చోటు, మొదటి విస్తరి, రాత్రి దాకా మనుషుల మాటలు. కళ్లు పోయాయన్నవాళ్ల నోళ్లు మూతపడతాయి. కాయ వెనక, దూరంగా, ఆ బూడిదరంగు మరక. అక్కడ ఎవరూ లేకపోవచ్చు. నూటికి తొంభై పాళ్లు ఎవరూ ఉండరు. తిమ్మమ్మ జనంలోనే ఎక్కడో వెనక ఉండి ఉంటుంది.

ఊపిరి బిగబట్టి గొట్టం కిందికి దించాడు. స్తంభం మొదట్లో ఉన్న మెత్తటి మట్టికుప్ప నడుమకు గురి పెట్టి నొక్కాడు.

ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు. కుప్పలోంచి చిటికెడు దుమ్ము లేచింది. కాయ అట్లాగే వేలాడుతోంది.

ఫోన్లు ఒక్కొక్కటే దిగాయి. "అయ్యో, నేలకు తగిలిందే" అని ఎవరో ఆడమనిషి అంది. ప్రణీత్ కారు వైపు నడుస్తుంటే వీరప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక్క గుండే నాయనా. దేవుడి దగ్గర రెండోది లేదు." ఉదయ్ కుమార్ పళ్లు కొరుక్కుని, "చెప్తే వింటివా చిన్నాయనా? కండ్లు కనపడవని ముందే చెప్తే ఏం పోయింది?" అన్నాడు. ఆ మాటకు బయ్యన్న దగ్గర జవాబు ఉంది. చెప్పినా నమ్మే ముఖం ఒక్కటీ కనపడలేదు. తల వంచుకుని తూటా ఖాళీ గుల్లను ఏరుకున్నాడు.

పల్లకి పక్కన ఆయన చోట ఎవరో కూర్చున్నారు. విస్తరి మూలన వేశారు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టడానికైనా మనిషి ఎదురుగా వచ్చి నిలబడతాడు. ఈ ఏడు వాన ఉండదని పక్క పంక్తిలో గుసగుసలు వినపడుతుంటే విస్తరి మడిచాడు. సగంలో లేచాడు. చెయ్యి కడుక్కుని పోతుంటే ఆయన్ను ఆపినవాళ్లు లేరు.

ఇంటికి పోలేదు. ప్రతి ఏడూ లాగే సీసం తవ్వుకోవడానికి మిట్ట ఎక్కాడు. మట్టికుప్పలో వేలు పెట్టి కెలికితే గుండు దొరికింది. జేబులో వేసుకున్నాడు. అవతల పల్లంలోంచి పొగ లేస్తోంది. దిగి పోయాడు.

దొడ్డి ముందర తిమ్మమ్మ గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. పక్కన మూడేళ్ల మనవరాలు. బయ్యన్నను చూడగానే తిమ్మమ్మ ఉన్నదున్నట్టు అనేసింది.

"ఏమన్నా, కాయ తప్పినావే! ఇంగ మాకు ఈ ఏడు మేత లేనట్లేనా?"

"నువ్వు రాలేదేం తిమ్మమ్మా పండక్కి?"

"యాడొచ్చేదన్నా, తెల్లారి ఈ గొర్రె ఈని సచ్చిపాయ. పిల్లను ఇడిసిపెట్టి ఎట్లొస్తాం? అయినా సూడకుండా ఉంటామా? బోడిగుండు ఎక్కితిమి, నేనూ పాపా. ఆడ్నుంచి బాగా కనపడింది. నువ్వు మోకాలేసుకోని తుపాకి ఎత్తింది, అంతా సూస్తిమి. పాప నీకు చెయ్యి కూడా ఊపె."

బయ్యన్న బోడిగుండు వైపు తిరిగి చూశాడు. నేరుగా పోయి దాన్ని ఎక్కాడు. తిమ్మమ్మ ఏమైందో తెలియక, పాపను చంకనేసుకుని వెనకే వచ్చింది.

"యాడ నిలబడింటివి?"

ఆమె చూపించింది. బయ్యన్న ఆ చోట నిలబడి చూశాడు. ఎదురుగా మిట్ట మీద స్తంభం, దానికి ఇంకా వేలాడుతున్న కాయ. సూటిగా దాని వెనక, కింద దారి పక్కన, తాను మోకాలు ఆనించిన రాయి ఉన్న చోటు. మసక కళ్లకు కూడా ఆ మూడూ ఒకే గీత మీద ఉన్నాయని తెలిసింది.

"ఇంగ ఎప్పుడూ కాయకు ఎనక నిలబడద్దు తల్లీ" అన్నాడు.

"ఇంత దూరానికేమన్నా? నూరు గజాలు దాటితే..."

"ఆ మాట తప్పు తిమ్మమ్మా. గురి నూరు గజాలే. గుండు మైలు పోతాది."

తిమ్మమ్మ ఆయన్ను చూసింది, స్తంభాన్ని చూసింది. చంకలో పాపను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

"అయితే నువ్వు కావాలనే..." అంది.

బయ్యన్న జేబులోంచి మట్టి అంటిన సీసపు ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

"ఊర్లో చెప్పన్నా ఈ మాట."

"చెప్పినా. పెట్టె కూడా సూపించినా."

"అయితే నేను చెప్తా."

"నువ్వు చెప్పినా కండ్లు పోయిన ముసలోణ్ని ఎనకేసుకొస్తాండాదంటారు. పాపను సూసుకో పో."

పొద్దు వాలుతోంది. మజ్జిగ తాగిపొమ్మని ఆమె అంటే తాగి, తుపాకి భుజానికి తగిలించుకుని పల్లం దాటాడు. మిట్ట మీదికి వచ్చాక స్తంభం పక్కన నిలబడి వెనక్కి తిరిగాడు. బోడిగుండు మళ్లీ బూడిదరంగు మరక అయిపోయింది. పాప ఇంకా అక్కడే ఉందో, దిగి పోయిందో ఆ కళ్లకు తెలియలేదు. పొద్దున తనకు ఒకరు చెయ్యి ఊపారు, తాను చూసుకోలేదు. బయ్యన్న చెయ్యి పైకెత్తి కాసేపు ఊపి, ఇంటి దారి పట్టాడు.